నాయనకు బైపాస్ అన్నారు, బియ్యం కార్డు ఉంది: తిరుపతిలో ఎక్కడికి, ఏ వరుసలో పోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఊరు పలమనేరు దగ్గర. నాయనకు ఛాతీలో నొప్పి వస్తే చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియో తీశారు. మూడు రక్తనాళాల్లో బ్లాకులున్నాయి, బైపాస్ చేయాలన్నారు, 3 లక్షల పైమాటే చెప్పారు. బియ్యం కార్డు ఉంది కానీ అందులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆధార్‌లో వయసు 68, నిజానికి 71. మీరు బెంగళూరులో ఉద్యోగం. బంధువులు కొందరు వేలూరు సీఎంసీ అంటున్నారు, కొందరు తిరుపతిలో టీటీడీ పెట్టిన స్విమ్స్ ఆసుపత్రి అంటున్నారు. 70 ఏళ్లు నిండినవాళ్లకిచ్చే ఆయుష్మాన్ కార్డు చేయించాలా, పేరు సరిచేయించాలా, ముందు ఏది?

సూటిగా చెప్తాను. వయసు సరిచేయించే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. యాంజియో సీడీ చేతికి తెచ్చుకుని, ఆధార్, బియ్యం కార్డులతో తిరుపతి వెళ్లండి. అడ్మిషన్ కౌంటర్‌కి వెళ్లేముందే ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, కేసును డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) పథకం కింద నమోదు చేయించండి. బైపాస్ ఈ పథకంలో ఉన్న ఆపరేషనే. చేతి నుంచి లక్షలు పెట్టాల్సిన కేసు కాదు ఇది.

పథకం పేరు విషయంలో కంగారు పడొద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. మధ్యలో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కౌంటర్‌లో కూర్చునేవాళ్లను కూడా ఆరోగ్యమిత్ర అని కొందరు, వైద్యమిత్ర అని కొందరు అంటారు. ఏ పేరుతో అడిగినా అదే కిటికీ చూపిస్తారు. ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. బైపాస్‌కు పాత పరిమితే సరిపోయేది కాబట్టి దాని గురించి ఆలోచించే పనే లేదు.

ముందు చిత్తూరు ఆసుపత్రి నుంచి తెచ్చుకోవాల్సినవి

చాలామంది యాంజియో రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని వస్తారు. "ట్రిపుల్ వెసెల్ డిసీజ్, అడ్వైజ్ సీఏబీజీ", అంటే మూడు నాళాల్లో బ్లాకులు, బైపాస్ చేయాలి అని అందులో ఉంటుంది. దానితో పని కాదు. సర్జన్‌కు కావాల్సింది వీడియో. ఏ రక్తనాళం ఎక్కడ మూసుకుంది, ఆ మూత దాటాక కింది భాగం కుట్టు వేయడానికి పనికొచ్చేంత లావుగా ఉందా లేదా అన్నది ఆయన కళ్లతో చూడాలి. సీడీ లేకపోతే యాంజియో మళ్లీ తీస్తారు. అంటే మళ్లీ ఖర్చు. పైగా ఆ పరీక్షలో ఎక్కించే మందు మూత్రపిండాలకు మంచిది కాదు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ.

సీడీ తీసుకున్నాక ఏదైనా కంప్యూటర్‌లో పెట్టి బొమ్మలు కదులుతున్నాయో లేదో చూడండి. ఖాళీ సీడీ ఇవ్వడం, వేరేవాళ్ల సీడీ కవర్లో పెట్టడం రెండూ జరుగుతుంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకోండి. దాంతో పాటు డిశ్చార్జ్ సమ్మరీ, ఎకో రిపోర్టు, ఈసీజీలు, రక్తపరీక్షల కాగితాలు, కట్టిన డబ్బుకు ఆసుపత్రి ముద్ర ఉన్న బిల్లులు అడగండి. బిల్లులు ఎందుకో కింద చెప్తాను.

"ఆపరేషన్ మా దగ్గర చేయించుకుంటేనే సీడీ ఇస్తాం" అంటే వాదనకు దిగకండి. ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. రోగి గానీ, రోగి తరఫువాళ్లు గానీ అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. ఆ 72 గంటల మాట అర్జీలోనే రాయండి. ఎక్కువ సార్లు ఆ ఒక్క వాక్యంతోనే సీడీ బయటికొస్తుంది.

పేరు తేడా, వయసు తేడా: ఏది అడ్డం, ఏది కాదు

పేరు తేడా గురించి ఉన్నంత భయం అవసరం లేదు. కౌంటర్‌లో కార్డును పేరుతో వెతకరు, ఆధార్ నంబరుతోనో కార్డు నంబరుతోనో తీస్తారు. బియ్యం కార్డులో మునిరత్నం అనీ, ఆధార్‌లో ఇంటిపేరు, నాయుడు కలిపి మునిరత్నం నాయుడు అనీ ఉంటే పని ఆగదు. నిజంగా ఆగేది మూడు చోట్ల.

మొదటిది, కార్డులో నాయన పేరు ఎదురుగా వేరేవాళ్ల ఆధార్ నంబరు ఎక్కి ఉండటం. అన్నదమ్ముల కార్డులు విడదీసినప్పుడు ఈ గందరగోళం వస్తుంది. రెండోది, పేరు మొత్తంగానే వేరు కావడం: ఒకచోట ఇంట్లో పిలిచే పేరు, ఒకచోట బడిలో రాయించిన పేరు. మూడోది, ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిపోల్చే పని, కాకపోవడం. ఈ మూడూ బయల్దేరకముందే మీ గ్రామ సచివాలయంలో చూపించుకోవచ్చు. "నాయన ఆధార్ నంబరు కొట్టి, కార్డు వస్తోందా, ఈకేవైసీ అయిందా చూడండి" అని అడిగితే చాలు. రాకపోతే అక్కడే సరిచేయించడం మొదలుపెట్టండి. తిరుపతి కౌంటర్‌లో కూర్చున్నాయన మీ కార్డును మార్చలేడు. ఆయన చేతిలో ఉండేది చూసే అధికారం మాత్రమే.

వయసు సంగతి వేరు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. మంచిదే. కాకపోతే దానికి లెక్క ఆధార్‌లో ఉన్న వయసు. మీ నాయనకు ఆధార్‌లో 68 అంటే ఇప్పుడు ఆ కార్డు రాదు. పుట్టినతేదీని ఆధార్‌లో ఒక్కసారే మార్చుకోవచ్చు, దానికి రుజువు పత్రం కావాలి, బడి ముఖం చూడని పెద్దవాళ్ల దగ్గర అది ఉండదు. అదీగాక, ఆధార్ మార్పు పెండింగ్‌లో ఉండగా ఆసుపత్రిలో ఈకేవైసీ చేస్తే ఒకచోట పాత వివరం, ఒకచోట కొత్త వివరం కనిపించి కేసు ఇరుక్కుంటుంది. ఆపరేషన్ ముందు ఆధార్‌ను కదిలించకండి. బియ్యం కార్డు పనిచేస్తున్నప్పుడు వయ వందన కార్డుతో అవసరమే లేదు.

ఒక్క మినహాయింపు, ఫోన్ నంబరు. ఆధార్‌కు లింకైన నంబరు ఎప్పుడో పారేసిన సిమ్ అయితే దాన్ని మాత్రం ఇప్పుడే మార్పించండి. ఓటీపీ రాక నిలిచిపోయే కేసులు తక్కువేమీ కాదు. ఆ నంబరు మీదైతే, మీరు బెంగళూరులో మీటింగ్‌లో ఉండి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. అక్కడ కిటికీ దగ్గర మీ అమ్మ నిలబడి ఉంటుంది.

వేలిముద్ర మాట కూడా చెప్పాలి. జీవితమంతా మడిలో, బీడు భూమిలో పనిచేసిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం తీసుకోదు. రెండుమూడుసార్లు చూసి "పడట్లేదు, రేపు రండి" అంటారు. కంటిపాపతోనో ముఖంతోనో చేసే దారి ఉంది, అడగండి. అడిగేముందు చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాసి మళ్లీ తుడిస్తే చాలాసార్లు ముద్ర పడుతుంది.

ఇంకో అయోమయం: ఆభా కార్డు. 14 అంకెలుంటాయి, మీద ఆయుష్మాన్ భారత్ అని ఉంటుంది. అది మీ వైద్య రికార్డులకు గుర్తింపు సంఖ్య. పెద్దాసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ త్వరగా తీసుకోవడానికి పనికొస్తుంది. ఒక్క రూపాయి బిల్లు కూడా కట్టదు. అది చేతిలో పెట్టుకుని వైద్యం ఉచితమనుకుని వచ్చేవాళ్లు ఉన్నారు.

బియ్యం కార్డు రద్దయి ఉంటే

ఇది మీరు అడగలేదు. కానీ మీరు బెంగళూరులో ఆదాయపు పన్ను కడుతూ నాయన కార్డులోనే సభ్యుడిగా ఉంటే, కార్డు ఎప్పుడో ఒకరోజు ఎగిరిపోతుంది కాబట్టి చెప్తున్నా. బియ్యానికి అర్హత వేరు, వైద్యానికి అర్హత వేరు. 2019లో వైద్య పథకానికి పెట్టిన నిబంధనలు చాలా వదులు: ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం, మాగాణి 12 ఎకరాల లోపు లేదా మెట్ట 35 ఎకరాల లోపు, సొంత కారు ఒకటి ఉన్నా సరే. బియ్యానికైతే మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటితే చాలు, కార్డు పోతుంది. కాబట్టి బియ్యం కార్డు పోయినవాళ్లు ఆసుపత్రి గడప తొక్కకుండా వెనక్కి తిరగొద్దు. సచివాలయంలో వైద్యసేవ అర్హత విడిగా అడగాలి.

మీ జీతం నెలకు 21,000 లోపే ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా ఈఎస్ఐ వర్తిస్తుంది. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, పెద్ద ఆపరేషన్లకు బయటికి రెఫర్ చేస్తారు. కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేర్చి ఉంటే అదీ ఒకసారి చూసుకోండి. ఈ రెండూ లేకపోతే వదిలేయండి.

స్విమ్స్, రుయా, ప్రైవేటు, వేలూరు

అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్, బర్డ్ అన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ఒకదానికి పోబోయి ఇంకోదానికి పోతారు. రుయా ప్రభుత్వ ఆసుపత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధం. బర్డ్ ఎముకలు, కీళ్లకు. పసిపిల్లల గుండె ఆపరేషన్లకు 2021లో తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం ఉంది, పెద్దవాళ్లకు కాదు. మీ నాయన కేసుకు స్విమ్స్, లేకపోతే పథకంలో ఉన్న ప్రైవేటు గుండె ఆసుపత్రి.

స్విమ్స్ 1993లో మొదలైంది, టీటీడీ పెట్టిన సంస్థ. దేవస్థానం ఆసుపత్రి కదా అన్నీ ఉచితమే అనుకుని వస్తారు. కాదు, పథకం కింద నమోదు కాని రోగికి పరీక్షలకు, పడకకు ఫీజులుంటాయి, బయటికంటే తక్కువ అంతే. నమోదైతే కట్టక్కర్లేదు. కార్డే లేని నిరుపేదలకు గుండె, మూత్రపిండాలు, మెదడు, క్యాన్సర్ లాంటి జబ్బులకు సాయం చేసే శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు టీటీడీకి ఉంది. కార్డు దారి పూర్తిగా మూసుకుపోతే అక్కడే విచారణలో దాని గురించి అడగాలి.

ఓపీ చీటీ రాయించేటప్పుడే "యాంజియో అయింది, బైపాస్ రాశారు, సీడీ ఉంది" అని చెప్పండి. మందులతో చూసేది కార్డియాలజీ, కోసి చేసేది సీటీవీఎస్. ఈ మాట చెప్పకపోతే మొదట్నుంచి ఛాతీనొప్పి కేసులా వరుసలో నిలబెట్టి, ఒక రోజు అక్కడే తినేస్తుంది. ఆదివారం, పండగ రోజుల్లో ఓపీ ఉండదు. సోమవారం రద్దీ విపరీతం. మంగళవారమో బుధవారమో వచ్చేలా చూసుకోండి.

స్విమ్స్‌తో ఉన్న చిక్కు వెయిటింగ్. నాలుగు జిల్లాల జనం అక్కడికే వస్తారు. సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ఎడమవైపు ప్రధాన నాళం, అంటే లెఫ్ట్ మెయిన్‌లో బ్లాకు ఉందా? ఎకోలో గుండె పంపింగ్, ఈఎఫ్ అంటారు, ఎంత ఉంది? లెఫ్ట్ మెయిన్ మూసుకుపోతుంటే, లేదా మందులు వాడుతున్నా కూర్చున్నచోటే నొప్పి వస్తుంటే వాయిదా మంచిది కాదు. ఆ మాట కేసు షీటులో రాయమనండి. తేదీ ఇస్తే నోటిమాటగా కాకుండా ఓపీ పుస్తకంలో రాయించుకోండి. మరీ దూరం తేదీ ఇస్తే అదే కార్డుతో పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లే హక్కు మీకుంది. ఎవరి సిఫార్సు ఉత్తరమూ అక్కర్లేదు. నా మట్టుకు, గుండె పంపింగ్ బాగుండి, నొప్పి అదుపులో ఉంటే స్విమ్స్‌లో కొన్నాళ్లు ఆగడమే మేలంటాను. అలా లేకపోతే ఆగకండి.

ఇక వేలూరు. సీఎంసీ గొప్ప ఆసుపత్రి, అందులో మాట లేదు. చిత్తూరు జిల్లా జనానికి పెద్ద జబ్బంటే వేలూరే గుర్తుకొస్తుంది, తరాలుగా అలవాటు. కానీ రాష్ట్రం దాటగానే మీ కార్డు దానంతటది పనిచేయదు. తమిళనాడు వాళ్ల ముఖ్యమంత్రి బీమా వాళ్ల కార్డుదారులకే. మన పథకంలో పొరుగు రాష్ట్రాల ఆసుపత్రులు కొన్ని ఉన్నాయి, కానీ ఆసుపత్రి పేరు జాబితాలో ఉండటం వేరు, మీకు కావాల్సిన విభాగం జాబితాలో ఉండటం వేరు. ఒకే ఆసుపత్రికి క్యాన్సర్‌కు ఒప్పందం ఉండి గుండెకు లేకపోవచ్చు. 104కి ఫోన్ చేసి, ఆసుపత్రి పేరుతో పాటు "బైపాస్, సీటీవీఎస్" అని చెప్పి అడగండి. ఉంది అంటేనే బస్సెక్కండి. లేదంటే వేలూరు అంటే సొంత డబ్బే, ఇంటి మీద అప్పే. మీరు అడిగిన ఈ ఆపరేషన్ తిరుపతిలో ఏళ్లుగా జరుగుతున్నదే. దానికోసం పొలం కుదువ పెట్టక్కర్లేదు.

నమోదు ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది

ఆరోగ్యమిత్ర మొదట కార్డు చూసి, ఫొటో తీసి, నమోదు చేస్తారు. డాక్టర్ చూసి అడ్మిషన్ రాస్తారు. ఎకో, ఈసీజీ, రక్తపరీక్షలు, యాంజియో బొమ్మలు ఆన్‌లైన్‌లో ఎక్కించి పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపుతారు. ఇలా ముందస్తు అనుమతి అడగడాన్ని ప్రీఆథ్ అంటారు. అక్కడ ట్రస్టు డాక్టర్లు చూసి ఒప్పుకున్నాక ఆపరేషన్. ప్యాకేజీలో నమోదు నుంచి పరీక్షలు, మందులు, ఆపరేషన్ సామాను, పడక, రోగి భోజనం, ఇంటికెళ్లే ఛార్జీ వరకు ఉంటాయి. డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులూ అందులోవే.

కేసు ఆగేది ఎక్కువగా ప్రీఆథ్ దగ్గర, "క్వెరీ పడింది" అంటారు. అంటే ట్రస్టు డాక్టర్ ఏదో అడిగారు: యాంజియో బొమ్మ స్పష్టంగా లేదు, ఎకో పాతది, ఫలానా పరీక్ష కాగితం లేదు అని. ఇది తిరస్కరణ కాదు. కానీ ఆ క్వెరీకి జవాబు పెట్టాల్సింది ఆసుపత్రి. రోజుకొకసారి వెళ్లి "మా నమోదు నంబరు ఇదీ, క్వెరీ ఏంటి, జవాబు పోయిందా?" అని అడగండి. ఊరికే "ఇంకా రాలేదా సార్" అని అడిగితే "రాలేదు" అన్న జవాబే వస్తుంది. నమోదు నంబరు మొదటిరోజే రాసిపెట్టుకోండి. ఇకపై మీకు అది కార్డుకంటే ముఖ్యం.

పెద్ద పొరపాటు వరుస తప్పడం. నొప్పి వచ్చిందని కంగారుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, అడ్వాన్సు కట్టి, మూడోరోజు "మాకు కార్డు కూడా ఉంది సార్" అంటారు. నమోదుకు ముందు కట్టిన డబ్బును పథకం వెనక్కివ్వదు. కొన్నిచోట్ల ఆపరేషన్ కూడా అయ్యాక అడుగుతారు, అప్పుడు చేసేదేమీ ఉండదు. కాబట్టి చేరే గంటలోనే కార్డు మాట ఎత్తండి. కార్డు ఇంట్లో ఉండిపోయినా ఆధార్ నంబరుతో తీయొచ్చు. అత్యవసరమైతే ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి కూడా పథకంలో ఉంది. "కార్డు తెచ్చాకే చూస్తాం" అనడానికి లేదు. అసలు కార్డు ఉన్నా లేకున్నా ప్రాణాపాయంలో వచ్చినవాళ్లకు ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది.

డబ్బు అడిగితే? "ఈ మందు ప్యాకేజీలో లేదు, బయట తెండి", "మంచి సామాను కావాలంటే తేడా కట్టండి" అనే మాటలు వినిపించొచ్చు. గొడవ పడకండి, చీటీ మీద రాసివ్వమనండి. రాసివ్వరు, లేదా అడగడం మానేస్తారు. కట్టక తప్పకపోతే రసీదు లేకుండా పైసా ఇవ్వొద్దు. ఆ తర్వాత నమోదు నంబరు, రసీదు దగ్గర పెట్టుకుని 104కి ఫిర్యాదు చేయండి. జిల్లా స్థాయిలో పథకానికి కోఆర్డినేటర్ ఉంటారు, ఆయన ఆసుపత్రిని పిలిచి అడుగుతారు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, లేదా 1100. రోగి ఇంకా వార్డులో ఉండగా ఫిర్యాదు చేస్తే డాక్టర్లు సరిగా చూడరేమో అన్న భయం అందరికీ ఉంటుంది. ఆపరేషన్ చేసే సర్జన్‌కు బిల్లింగ్ గొడవలతో సంబంధం ఉండదు. అయినా మనసొప్పకపోతే డిశ్చార్జ్ అయిన మర్నాడు చేయండి, కానీ రసీదు ఉంటేనే.

ఎవరూ ముందు చెప్పని పని: రక్తం

బైపాస్‌కు బ్లడ్ బ్యాంకు రక్తం సిద్ధంగా ఉంచాలి, దానికి బదులుగా మీ తరఫున దాతలను అడుగుతారు. సాధారణంగా ముగ్గురు నలుగురు. తేదీ ఖరారయ్యాక ఊళ్లో వెతకడం మొదలుపెడితే అందక ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇక్కడ జనం చేసే పొరపాటు నాయన గ్రూపు ఉన్నవాళ్ల కోసమే వెతకడం. బదులు రక్తానికి ఏ గ్రూపైనా సరే. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోల పైన బరువు, హిమోగ్లోబిన్ 12.5కి తగ్గకుండా ఉండాలి. మగవాళ్లు పోయినసారి ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు దాటి ఉండాలి. ఖాళీ కడుపుతో, ముందురోజు తాగి వచ్చినవాళ్లను వెనక్కి పంపేస్తారు. మీ ఊరి కుర్రాళ్లను నలుగురు కావాలంటే ఆరుగురిని అనుకోండి. ఒకరిద్దరు హిమోగ్లోబిన్ దగ్గరో బీపీ దగ్గరో ఆగిపోతారు.

మందుల సంగతి. రక్తం పల్చబడే మాత్రల్లో క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా ఆపరేషన్‌కు 5 రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్ ఎక్కువగా కొనసాగిస్తారు. రెండూ ఒకే మాత్రలో కలిపి ఉన్న రకాలు కూడా ఉన్నాయి కాబట్టి మీ అంతట మీరు ఏదీ ఆపకండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ, చీటీలు కాదు అట్టలే, ఒక సంచిలో వేసుకుని సర్జన్‌కు చూపించండి. షుగర్‌కు డపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే అవి కొన్ని రోజుల ముందే ఆపాలి, గుర్తుచేయండి. నాటువైద్యుడి పొడి ఏదైనా మింగుతుంటే దాచకుండా చెప్పండి. బీడీ ఈరోజే మాన్పించండి. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ మీద ఎక్కువ రోజులు ఉండేది బీడీ ఊపిరితిత్తులే.

తేదీ కోసం ఇంటి దగ్గర ఆగినప్పుడు నొప్పి వస్తే

తిరుపతికి కారు కట్టించుకుని బయల్దేరకండి. పలమనేరు నుంచి తిరుపతికి ఎంత లేదన్నా రెండు గంటల పైనే. చెమటలు పట్టి, 15-20 నిమిషాలు దాటినా నొప్పి తగ్గకపోతే 108, ముందు దగ్గరలోని ఏరియా ఆసుపత్రి. అక్కడ ఈసీజీ తీసి, అది పెద్ద గుండెపోటు రకమైతే గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వం స్టెమీ కార్యక్రమం కింద చేసింది. బయట కొంటే పదుల వేలు. నొప్పి మొదలైన 12 గంటల లోపే దాని పని, అదీ ఎంత త్వరగా పడితే అంత గుండె మిగులుతుంది. ఇంజెక్షన్ పడ్డాక వాళ్లే పెద్దాసుపత్రికి పంపుతారు. యాంజియో రిపోర్టు, సర్జన్ రాసిన కాగితం ఇంట్లో తలుపు వెనక సంచిలో ఉంచండి. నాయనకు బైపాస్ రాసి ఉందన్న విషయం ఆ డాక్టర్‌కు ఇంజెక్షన్‌కు ముందే తెలియాలి.

పై ఖర్చులు, మిగతావి

చిత్తూరులో యాంజియోకు కట్టిన డబ్బు పథకంలో రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయొచ్చు. అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతి కాగితాన్నీ జిరాక్స్ తీసుకోండి, అవి తిరిగి రావు. వచ్చేది కట్టినదంతా కాదు, నెలలు పడుతుంది. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి. పథకంలో లేని ఖరీదైన వైద్యానికైతే ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి నుంచి అంచనా కాగితం తీసుకుని ఎల్ఓసీ, అంటే డబ్బుకు ముందే ఇచ్చే హామీ పత్రం, అడగాలి. మీకు ఆ అవసరం రాదు.

తోడున్నవాళ్ల బస పెద్ద తలనొప్పి. ఐసీయూలో ఉన్నన్నాళ్లూ లోపలికి రానివ్వరు, బయట ఒకరుండాలి. శ్రీనివాసం, విష్ణునివాసం దర్శనానికి వచ్చినవాళ్లతో నిండిపోతాయి, శని ఆదివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో ఆశ పెట్టుకోవద్దు. ఆపరేషన్ తేదీ మీ చేతిలో ఉంటే ఆ రోజులు తప్పించండి. స్విమ్స్, రుయా దగ్గర రోగులకు, తోడున్నవాళ్లకు టీటీడీ అన్నప్రసాదం పెడుతుంది. అమ్మ ఊరికీ తిరుపతికీ తిరగాల్సి వస్తే 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చేతిలో ఉండాలి.

డిశ్చార్జ్ రోజున తొందరపడి వచ్చేయకుండా మూడు చూసుకోండి: 10 రోజుల మందులు చేతికి వచ్చాయా, రివ్యూ తేదీ సమ్మరీలో రాశారా, సమ్మరీలో పేరు కార్డులో ఉన్నట్టే ఉందా. రివ్యూకు కూడా అదే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి పథకం కింద చూపించుకోవాలి, బైపాస్ లాంటి వాటికి ఏడాది వరకు ఫాలోఅప్ మందులు, పరీక్షలు ఇచ్చే ఏర్పాటు ఉంది. నేరుగా ఓపీ చీటీ రాయించుకుంటే డబ్బు కట్టించుకుంటారు.

ఇంటికొచ్చాక ఛాతీ ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు. అప్పటిదాకా బిందె ఎత్తడం, బైక్ తోలడం, మంచం మీద నుంచి చేతుల మీద బరువు వేసి లేవడం వద్దు. దగ్గు వస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గాలి. మొగిలి ఘాట్ మీదుగా తీసుకొచ్చేటప్పుడు కూడా ఆ దిండు ఒడిలో ఉంచండి. బైపాస్ కోసం నరం తీసిన కాలు కొన్నాళ్లు వాస్తుంది, పడుకున్నప్పుడు ఎత్తు మీద పెట్టాలి. ఛాతీ కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, ఎముక దగ్గర కటకట శబ్దం వచ్చినా, జ్వరం వచ్చినా పలమనేరులో కట్టు కట్టించుకుని సరిపెట్టుకోకండి. 30 రోజుల లోపు వచ్చే ఇలాంటి చిక్కులు కూడా ప్యాకేజీలో భాగమే, చేసిన ఆసుపత్రే డబ్బు లేకుండా చూడాలి. నమోదు నంబరు చెప్పి, అదే ఆసుపత్రికి తీసుకెళ్లండి.